చేతులు ఆడని తీన్మార్

కాళ్ళు ఊపితే ఇంటికి అరిష్టమని మన పెద్దలు అన్నారంటే, ఊపొద్దనగానే ఊరుకునే పిల్లలను చూసి అని ఉంటారు. విమలను చూసి ఉంటే ఆ మాట అనే ఓపిక వాళ్ళకు మిగిలేది కాదు. ఆ కాళ్ళు బడిలో బల్ల కింద ఆడాయి, బస్సులో సీటు కింద ఆడాయి, పరీక్ష హాల్లో లెక్కల పేపరు ముందు కూడా ఆడాయి. ఆఖరికి పెళ్ళినాడు పూలకారులో అమరేందర్ పక్కన కూర్చున్నప్పుడు, పట్టుచీర కుచ్చిళ్ళ కింద టకటకలాడుతుంటే మేనత్త ఆమె మోకాలి మీద చెయ్యేసి అదిమి పట్టింది. కారు ముందు పెళ్ళికొడుకు దోస్తులు దుమ్ము రేగేలా ఎగురుతున్నారు.

"జర సక్కగ కూసో బిడ్డా. పెండ్లిపిల్లవు నువ్వు," అంది మేనత్త చెవిలో.

విమలది జనగామ. నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఇల్లు బజారు మీదే కావడంతో, పెళ్ళిళ్ళ రోజుల్లో బారాత్ వచ్చిందంటే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. డప్పులు, వాటి ముందు మగపిల్లలు, చేతులు గాల్లో, భుజాలు చెవుల దాకా, తీన్మార్! ఆ దెబ్బ విన్నాక కదలకుండా నిలబడగలిగిన మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు. కానీ ఆడపిల్లలు నిలబడాలి. డాబా మీద, పిట్టగోడ వెనక. పదమూడో ఏట విమల ఒకసారి ఆగలేక మెట్లు దిగి గుంపులో దూరింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, పెదనాయన జబ్బ పట్టుకుని లోపలికి తెచ్చేశాడు. కొట్టలేదు, గట్టిగా కోప్పడలేదు కూడా. "ఏమన్న ఉన్నదా నీకు? నలుగురు జూస్తే ఏమనుకుంటరు?" అన్నాడంతే. అప్పటికి పాట ఇంకా సగంలోనే ఉంది.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. పెద్దదేం కాదు. నగలు కాదు, నాణేలు కాదు. ఒక్క పాట. నలుగురి ముందు, మొదలుపెట్టిన పాట అయిపోయేదాకా, ఎవరూ ఆపకుండా ఆడాలి. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్తే నవ్వుతారని కాదు, "దాందేముంది, ఆడు" అని ఎవరైనా అంటే ఎక్కడ ఆడాలో తెలియక.

అమరేందర్‌కు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం వచ్చి, రెండు వేల తొమ్మిదిలో ఇద్దరూ గ్లాస్గో చేరారు. పాతకాలం రాతి బిల్డింగులో రెండో అంతస్తు ఫ్లాట్. అక్కడే మనస్విని పుట్టింది. పిల్ల బడికి వెళ్ళే వయసు వచ్చాక విమల ఇంకో బడి వంటశాలలో పనికి కుదిరింది, పిల్లలకు లంచ్ వడ్డించే డిన్నర్ లేడీగా. చలికి, వానకి, ఆ ఊరి ఇంగ్లిషుకి, మూడింటికీ మెల్లగా అలవాటు పడింది. ఏటా దసరాకు తెలంగాణ వాళ్ళంతా ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుంటారు. బతుకమ్మ అయిపోయాక స్పీకర్లో డప్పు పెట్టగానే మగవాళ్ళు మధ్యలోకి దూకుతారు. ఆడవాళ్ళు పిల్లల కోట్లు, పేపర్ ప్లేట్లు పట్టుకుని గోడవారన నిలబడతారు. ఇంత దూరం విమానం ఎక్కి వచ్చినా ఆ గోడ మాత్రం వెంటే వచ్చింది, చూడండి! అన్నట్టు అమరేందర్‌కు ఆట రాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ప్రతి ఏడూ స్పీకర్ మంచిగ లేదంటాడు.

ఇలా ఉండగా రెండు వేల పదహారులో మనస్విని ఐరిష్ డాన్స్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. క్లాసులో పక్కన కూర్చునే పిల్ల వెళ్తోందట. గ్లాస్గోలో ఐర్లాండ్ నుంచి తరాల క్రితం వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. శనివారం పొద్దున ఏ చర్చి హాలు తలుపు తెరిచినా పిల్లలు గెంతుతూ కనిపిస్తారు. సరేనని విమల కూతురిని తీసుకెళ్ళి, గోడవారన తల్లుల కోసం వేసిన కుర్చీల్లో ఒక దాని మీద కూర్చుంది. ఫ్లాస్కులో చాయ్ ఉంది. సంచిలో నూలు, అల్లిక సూదులు ఉన్నాయి. పిల్ల నేర్చుకునే గంటలో ఒక టోపీ సగం అల్లేద్దామని ఆమె ఆలోచన.

టోపీ ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఎందుకంటే మూలన కూర్చున్న ఒక పెద్దాయన జేబులోంచి రేకు గొట్టం ఒకటి తీశాడు. ఆరు బెజ్జాలు. మన పిల్లనగ్రోవికి దూరపు చుట్టమే గానీ అడ్డంగా కాదు, నిలువుగా పట్టుకుని కొసన నోరు పెట్టి ఊదాలి. టిన్ విజిల్ అంటారు. ఆయన ఒకసారి గాలి పీల్చుకుని ఊదాడు, అంతే! విమల చేతిలోని సూది ఆగిపోయింది. అది జిగ్ అనే ఐరిష్ ఆట పాట వరస. కానీ ఆమె చెవికి జిగ్ ఎక్కడిది? జజ్జనక జనక, జజ్జనక జనక! సన్నగా, చురుగ్గా, పిట్ట గొంతుతో ఎవరో డప్పు కొడుతున్నట్టు ఉంది. దెబ్బ అదే. నడక అదే. జనగామ బజారు మీదుగా వెళ్ళే తీన్మార్ ఈ చర్చి హాల్లోకి ఏ దారిన వచ్చింది? ఆమెకు ఒళ్ళంతా జల్లుమంది. కుర్చీ కింద కాళ్ళు అప్పటికే మొదలుపెట్టేశాయి.

పాట అయ్యాక పెద్దాయన నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నీ కుర్చీ కూడా నాట్యం చేస్తోంది తెలుసా?" అన్నాడు. పేరు మైకేల్. ఐర్లాండ్‌లో డోనెగల్ నుంచి కుర్రతనంలో వచ్చి, ఈ ఊళ్ళో బస్సు నడిపి రిటైరయ్యాడు. విమల సిగ్గుపడి, మా నాన్న బస్సు కండక్టరు అని చెప్పింది. "అయితే మీ నాన్న రైట్ అనకుండా నేను బండి తీసేవాణ్ణి కాదు," అన్నాడాయన. ఆ క్షణం నుంచి ఆయన ఆమెకు మైకేల్ అంకుల్ అయ్యాడు. పిల్లల క్లాసు తర్వాత పెద్దవాళ్ళ క్లాసు ఉంటుందని చెప్పింది కూడా ఆయనే.

మరుసటి శనివారం విమల ఆ క్లాసులో నిలబడింది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగడం సంగతి సరే, ఇక్కడ అసలు వంగకూడదు, అదీ చిక్కు. ఐరిష్ ఆటలో నడుం పైన మనిషి పోస్టాఫీసు క్యూలో నిలబడ్డట్టు ఉండాలి, కింద కాళ్ళు మాత్రం నిప్పుల మీద పడ్డట్టు ఉండాలి. చేతులు రెండూ పక్కలకు అతుక్కుని ఉండాలి, వేలు కూడా కదలకూడదు. టీచర్ షీలా మిస్ అడుగు చూపిస్తే విమల కాళ్ళు ఇట్టే పట్టేసేవి. ఆ పట్టు చూసి మిస్ నోరు తెరిచేది. అంతలో విమల భుజాలు ఎగిరేవి. మోచేతులు లేచేవి. ఒకసారైతే పక్కన నేర్చుకుంటున్న ఆసుపత్రి నర్సమ్మ కళ్ళజోడు ఎగిరి రేడియేటర్ వెనక పడింది.

"చేతులు, విమలా, చేతులు!" అని మిస్ అరుపు.

"అవి నా మాట ఇంటలేవు మిస్!" అని విమల కంగారులో తెలుగులోనే జవాబు.

ఇంట్లో సాధన మొదలైంది. ఒక సాయంత్రం అమరేందర్ ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి, వంటింట్లో భార్య రెండు చేతులూ చున్నీతో నడుముకు కట్టి ఉన్నాయి, మనిషి రొప్పుతోంది. బ్యాగు కింద పడేశాడు పాపం.

"ఏమైంది విమలా? ఎవరొచ్చిన్రు? పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?"

"ఎవల్లేరు, ఊకో. మనూతోని కట్టిపిచ్చుకున్న. జర పప్పు మాడుతుంది, స్టవ్ బంద్ చెయ్యి, నాకు చేతుల్లెవ్వు."

ఆయన స్టవ్ ఆపాడు గానీ ఆ రాత్రి భోజనం చేసినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

ఇక గట్టి బూట్లు వచ్చాక చూడాలి సంబరం! ముందూ వెనకా గట్టి దిమ్మలుండే నల్ల బూట్లు అవి. నేలను తాకితే టక్కుమంటాయి. ఆ ఆటలో కాళ్ళే డప్పులు. వాటిని వేసుకుని మొదటి దెబ్బ వేసినప్పుడు విమలకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ చప్పుడు లేకుండా ఆడిన కాళ్ళకు నోరు వచ్చింది మరి. కింది ఫ్లాట్ పెద్దాయనకు మాత్రం తలనొప్పి వచ్చింది. ఆయన పైకి వచ్చి తలుపు కొడితే, విమల బూట్లు సోఫా కిందికి తోసి, "సారీ, డాటర్, స్మాల్ గర్ల్, జంపింగ్" అంది. నోటికొచ్చిన అబద్ధం! లోపలి గదిలోంచి మనస్విని వింది.

"మమ్! యూ బ్లేమ్డ్ మీ!"

"ఒక్కసారికి ఏమైతదే? నువ్వు చిన్నదానివి, నిన్నేమంటడు?"

మనస్వినికి ఆ కోపం ఒకటే కాదు. తన క్లాసుకు తల్లి వచ్చి కూర్చోవడం సరే, తల్లి కూడా గెంతడం ఏమిటని ఆమె బాధ. అందులోనూ రెండు వేల పదిహేడు శరత్కాలంలో జరిగే ఫెష్‌కు షీలా మిస్ విమల పేరు కూడా ఇచ్చింది. ఫెష్ అంటే వాళ్ళ నాట్య పోటీల జాతర. పొద్దున పిల్లలు, మధ్యాహ్నం పెద్దలు, అందరూ ఒకే స్టేజీ మీద. ఆ మాట విన్నాక పిల్ల అన్నం కంచం ముందు నుంచి లేచిపోయింది. "ఎవ్రీవన్ విల్ లాఫ్. ఇట్స్ ప్యూర్ ఎంబరాసింగ్, మమ్," అంది తలుపు చాటు నుంచి.

విమల మాత్రం పేరు వెనక్కి తీసుకోలేదు. ఊళ్ళో పెదనాయన జబ్బ పట్టుకున్నాడంటే చిన్నపిల్ల కాబట్టి లోపలికి వెళ్ళింది. ఇప్పుడు కడుపున పుట్టిన పిల్ల పట్టుకుని లాగుతోంది. ఇప్పుడూ వెళ్ళిపోతే ఇక ఎప్పటికీ లేదని ఆమెకు తెలుసు.

ఫెష్ రోజు వచ్చింది. పెద్ద హాలు, ఒక వైపు నిజమైన స్టేజీ, దానికి చెక్క మెట్లు. విమల పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మనస్విని తన పోటీలో రెండో బహుమతి తెచ్చుకుని, మెడలో పతకంతో వెళ్ళి అమరేందర్ పక్కన కూర్చుంది. స్టేజీ ముందు బల్ల దగ్గర తెల్ల జుట్టు జడ్జి, ఆమె చేతి పక్కన చిన్న ఇత్తడి గంట. ఆ గంట మోగిందంటే ఆట ఆపాలి. స్టేజీ పక్కన పోటీల వాళ్ళు పిలిపించిన అకార్డియన్ ఆయన పొద్దుటి నుంచి అలుపు లేకుండా వాయిస్తున్నాడు. మైకేల్ అంకుల్ పిల్లలను చూడ్డానికి వచ్చి, తల్లుల మధ్యన శాండ్‌విచ్ తింటున్నాడు.

పెద్దవాళ్ళ గట్టి బూట్ల జిగ్. ఇద్దరిద్దరుగా ఎక్కాలి. మెట్ల పక్కన వరసలో విమల నిలబడింది. ముందు ఇద్దరు ఆడుతున్నారు. ఆమె పెదవులు కదుపుతూ అడుగులు నెమరేసుకుంటోంది. బుర్ర అంతా అడుగుల మీదే ఉంది. మరి చేతులు ఊరుకుంటాయా? అవి వాటి పని అవి చేసుకుపోయాయి. వంగి, పట్టీ విప్పాయి. లేసులు విప్పాయి. బూట్లు తీసి, సాక్సులు వాటిలో కుక్కి, గుడి వాకిట్లో వదిలినట్టు మెట్టు పక్కన గోడవైపు తిప్పి జతగా పెట్టాయి. స్టేజీ కదా! చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాడటానికి ఎక్కినా, పెళ్ళిలో అక్షింతలు వేయడానికి ఎక్కినా, చెప్పులు కిందే విడిచి ఎక్కింది తప్ప, చెప్పుకాళ్ళతో స్టేజీ ఎక్కిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది హాలు నేల మీద. ఆటకని స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్ళందరి కళ్ళూ పైన ఆడేవాళ్ళ మీదే ఉన్నాయి, ఒక్కరూ చూడలేదు.

పేరు పిలిచారు. విమల ఎక్కింది. పక్కన కళ్ళజోడు నర్సమ్మ. అకార్డియన్ మొదలైంది. వరస ఒక చుట్టు తిరిగేదాకా ఆగి, నిటారుగా నిలబడి, చేతులు బిగించి, విమల మొదటి దెబ్బ వేసింది.

టక్ అనలేదు. తప్ అంది.

ఆమె కిందికి చూసుకుంది. నల్లటి స్టేజీ మీద పది వేళ్ళు. మట్టెలతో సహా.

గంట మోగింది.

అకార్డియన్ ఆగింది. జడ్జి అద్దాల పైనుంచి చూసి, బూట్లు ఏవమ్మా అని అడిగింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరు నవ్వితే ఆగుతుందా, వరసలు వరసలు నవ్వాయి. విమల ముఖం మండిపోయింది. "స్టేజ్... షూస్... నాట్ గుడ్. గాడ్," అంది చేతులు జోడించి. ఏం చెప్పినట్టు? జడ్జికి ఏమీ అర్థం కాలేదు. మనిషి చెడ్డది కాదు, నెమ్మదిగానే చెప్పింది. ఇది చప్పుడు విని మార్కులు వేసే ఆట, బూట్లు లేకుండా కుదరదు. వెనకున్న వాళ్ళను ఆపడం కూడా కుదరదు. అందరూ అయిపోయాక హాలు టైము మిగిలితే పిలుస్తాను, లేదంటే ఈసారికి లేదు అంది.

విమల బూట్లు చేత పట్టుకుని కారిడార్‌లోకి వచ్చి బెంచీ మీద కూలబడింది. మళ్ళీ ఆపారు. ఈసారి ఆపింది కూడా ఎవరో కాదు, తన చేతులే. ఎవరిని తిట్టాలి? అమరేందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోనీ విమలా. అయ్యిందేదో అయ్యింది. ఇంటికి పోదాం పా. నేను బిర్యానీ టేకవే తెస్త."

"నా పాట కాలే."

"మళ్ళా ఏడాది ఉంటది గదా."

"మళ్ళా ఏడాది అనుకుంటనే ఇన్నేండ్లు వచ్చిన. నేను రాను. వాళ్ళు గెంటేసిందాక ఈడనే కూసుంట!"

మనస్విని ఎదురుగా నిలబడి తల్లి పాదాలకేసి చూస్తోంది. నవ్వినవాళ్ళలో ఆమె స్నేహితురాళ్ళు కూడా ఉన్నారు.

"వై డిడ్ యూ టేక్ దెమ్ ఆఫ్, మమ్?"

"స్టేజీ గదనే. చెప్పులతోని ఎట్ల ఎక్కుత?"

"బట్ ఐ ఆల్వేస్ డూ."

"నువ్వు ఎక్కినప్పుడల్లా నేను కింద కూసొని దేవునికి దండం పెట్టుకుంట. తప్పు కాయి తండ్రీ, చిన్నపిల్ల అని."

మనస్వినికి కోపం పోయిందో, నవ్వు వచ్చిందో, ముఖం అదోలా పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. తల్లి కాళ్ళకు సాక్సులు తొడిగి, బూట్లు ఎక్కించి, లేసులు బిర్రుగా లాగి ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేసింది. "నౌ యూ కాంట్," అంది. విమల కూతురి తల మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత వాళ్ళు చాలాసేపు ఎదురుచూశారు. మిగిలిన పిల్లల బహుమతులు ఇచ్చారు. జనం కోట్లు తొడుక్కుంటున్నారు. హాలు తలుపు దగ్గర బ్యాడ్మింటన్ వాళ్ళు రాకెట్లు పట్టుకుని వచ్చేశారు, తర్వాతి బుకింగ్ వాళ్ళదట. అకార్డియన్ ఆయనకు ఎక్కడో పెళ్ళిలో వాయించే పనుందని పెట్టె సర్దుకుని పరుగు తీశాడు. జడ్జి కాగితాలు సర్దుతుంటే విమల టకటకా బూట్ల చప్పుడుతో నేరుగా బల్ల ముందుకు వెళ్ళి నిలబడింది.

"మీ," అంది. "వన్ డాన్స్. యూ సెడ్."

జడ్జి ఆమెను చూసింది, గోడ మీద గడియారం చూసింది, రాకెట్ల వాళ్ళను చూసింది. వాయించేవాళ్ళు వెళ్ళిపోయారమ్మా అంది జాలిగా.

"ఎవరు వెళ్ళిపోయారు?" అని వెనక నుంచి గొంతు. మైకేల్ అంకుల్ కోటు మీద రొట్టెముక్కలు దులుపుకుంటూ వస్తున్నాడు. జేబులోంచి విజిల్ అప్పుడే బయటికి వచ్చింది. "నేనుండగా బస్సు ఎలా పోతుంది?"

సరే, ఒక్క పాట, త్వరగా అంది జడ్జి.

విమల మెట్ల దగ్గర ఆగింది. ముడులు విప్పే వీలు లేదు, కూతురు అలా వేసింది. వంగి స్టేజీని చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, బూట్లతోనే ఎక్కేసింది.

విజిల్ మోగింది. ఆ ఖాళీ హాల్లో ఆ చిన్న రేకు గొట్టం గొంతు ఎంత దూరం పోయిందనుకున్నారు! పైకప్పు తాకి వచ్చింది. విమల నిటారుగా నిలబడి వరస ఒక చుట్టు పోనిచ్చింది. తర్వాత వేసింది దెబ్బ.

టక్!

అబ్బ, ఏం చప్పుడది! కింద బోలుగా ఉన్న చెక్క స్టేజీ డప్పులా మోగింది. టక్కటక టక, టక్కటక టక. కాలు ఎగిరింది, మడమ కొట్టింది, మునివేలు గిరుక్కున తిరిగింది. పైన మాత్రం పోస్టాఫీసు క్యూ! చేతులు కదిలితే ఒట్టు. షీలా మిస్ అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. కారిడార్‌లోకి వెళ్ళినవాళ్ళు ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట, అలాగే వెనక్కి వచ్చేశారు. రాకెట్ల వాళ్ళలో ఒకాయన తెలియకుండానే రాకెట్‌తో తొడ మీద దరువు వేస్తున్నాడు. మనస్విని కుర్చీ ఎక్కి నిలబడింది.

మార్కుల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ అడగకండి. పెద్దవాళ్ళలో ఆఖరి స్థానం. మడమ మరీ గట్టిగా కొట్టిందని రాశారు. ఆ మాట చదివి విమల మురిసిపోయింది.

అడుగులన్నీ అయ్యాయి. విమల ముందుకు వచ్చి, కాలు చాపి, జడ్జికి వంగి నమస్కరించింది. పద్ధతి ప్రకారం అక్కడితో ఆట అయిపోయినట్టే. కానీ మైకేల్ అంకుల్ ఆపలేదు. ఆమె వైపు చూసి కనుబొమలు ఎగరేసి, అదే వరస ఇంకాస్త వేగంగా అందుకున్నాడు. జడ్జి తల ఎత్తింది. విమల ఒక్క క్షణం ఆగింది. జజ్జనక జనక, జజ్జనక జనక. ఇంకేం ఆగుతుంది!

చేతులు లేచాయి. భుజాలు ఎగిరాయి. తల వెనక్కి పోయింది. గట్టి బూట్లతో తీన్మార్! ఆ స్టేజీ పుట్టాక అలాంటిది చూసి ఉండదు. "అరే, ఎయ్యి విమలా!" అని అమరేందర్ అరుపు, దాని వెనకే రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల. ఆ మనిషికి ఆట రాకపోతేనేం, ఈల బ్రహ్మాండంగా వచ్చు. నర్సమ్మ కళ్ళజోడు తీసి జాగ్రత్తగా జేబులో పెట్టుకుని ఎగరడం మొదలుపెట్టింది. నలుగురు కాదు, హాలు హాలంతా చప్పట్లతో దరువు వేస్తోంది. మనస్విని కుర్చీ మీది నుంచి దూకి, స్టేజీ ఎక్కి, తల్లి భుజాలు చూస్తూ తన భుజాలు ఎగరేయబోయింది. కుదరలేదు. మళ్ళీ ఎగరేసింది. విమల నవ్వుతోంది, ఏడుస్తోంది, ఆడుతోంది. విజిల్ వేగం పెరిగింది, ఆమె కూడా పెరిగింది. విజిల్ ఇంకా పెరిగింది, ఆమె ఇంకా పెరిగింది.

ఉన్నట్టుండి విజిల్ పీచుమని ఆగిపోయింది. మైకేల్ అంకుల్ ముఖం జేవురించి, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, ఇంకో చెయ్యి ఓడిపోయానన్నట్టు పైకెత్తాడు.

"నాకు ఊపిరి అయిపోయింది తల్లీ," అన్నాడు రొప్పుతూ, నవ్వుతూ. "నీకింకా కాలేదా?"

"నాకింకా కాలే అంకుల్!" అంది విమల తెలుగులోనే, కాలు ఇంకా ఆడిస్తూ.

పుట్టి బుద్ధెరిగాక, తన కంటే ముందు పాట ఆగిపోవడం ఆమెకు అదే మొదటిసారి.